డీజిల్ తగలని చోట మసి: ఇంటేక్ వాల్వులు ఎందుకు పూడుకుపోతాయి

ఒడిశాలోని రాయగడలో మా బావమరిదికి కిరాణా టోకు వ్యాపారం ఉంది. ఊరి కొట్లకూ, కొల్నార, బిస్సంకటక్ దారుల్లోని పల్లెలకూ సరుకు వేయడానికి 2018లో కొన్న బీఎస్-4 పికప్ బండిని వాడుతున్నాడు. క్రితం చలికాలంలో ఆ బండి ఖాళీగా ఉన్నప్పుడు బాగానే నడుస్తూ, లోడుతో కాశీపూర్ వైపు కొండ ఎక్కేటప్పుడు మాత్రం రెండో గేరులోనే ఆయాసపడుతూ, వెనకాల వచ్చేవారికి దారి కనిపించనంత నల్లటి పొగ వదలడం మొదలుపెట్టింది. మైలేజీ తగ్గింది. ఉదయం పూట ఒకటికి నాలుగుసార్లు తాళం తిప్పితే గాని స్టార్టు కాలేదు. ఎవరో చెప్పారని డీజిల్ ట్యాంకులో ఇంజిన్ శుభ్రం చేసే మందు పోశాడు. ఒక సీసాతో లాభం లేకపోతే రెండోది, ఆ తరువాత మరో రకానివి రెండు పోశాడు. చివరికి బండిని షెడ్డుకు తీసుకువెళ్లి, సిలిండర్లకు గాలిని పంచే గొట్టాల భాగమైన ఇంటేక్ మానిఫోల్డ్‌ను ఊడదీయించిన రోజున, పాలిటెక్నిక్‌లో ఇంజిన్ల పాఠం చెప్పి రిటైరైనవాణ్ని కాబట్టి నన్ను కూడా తోడు రమ్మన్నాడు.

మానిఫోల్డ్ పక్కకు వచ్చాక సిలిండర్ హెడ్డులో గాలి వెళ్లే రంధ్రాలు కనిపించాలి. మాకు కనిపించినవి నల్లటి చిన్న బిలాలు. బొటనవేలు సులువుగా పట్టవలసిన చోట మేస్త్రి చిటికెనవేలు పెట్టి, "ఇది కూడా దూరట్లేదండి మాస్టారూ" అన్నాడు. స్క్రూడ్రైవరుతో గీకితే పైపొర పొడిపొడిగా రాలింది. దాని కింద పొర మాత్రం ఎండాకాలపు తారులా మెత్తగా సాగి స్క్రూడ్రైవరును పట్టుకుంది. టార్చిలైటు వేసి చూస్తే, లోపల సిలిండరులోకి గాలిని వదిలే ఇంటేక్ వాల్వు కాడ చుట్టూ, తల వెనుకభాగాన అదే పదార్థం చీమలపుట్టలా గడ్డకట్టి ఉంది. అప్పుడు మా బావమరిది అడిగిన ప్రశ్నే ఈ వ్యాసానికి మూలం: "నాలుగు సీసాలు పోశాను కదా బావా, ఇదంతా ఎలా మిగిలింది?"

మేస్త్రి తన జవాబు తాను చెప్పాడు. "ఇది డీజిల్ మసి కాదండి, ఆయిల్ మసి." ఆ మాటలో సగం నిజం ఉంది. మిగిలిన సగం తెలియాలంటే ముందుగా గాలి నడిచే దారినీ, డీజిల్ నడిచే దారినీ విడివిడిగా చూడాలి.

గాలి దారి వేరు, డీజిల్ దారి వేరు

బయటి గాలి ఎయిర్ ఫిల్టరు గుండా వచ్చి, బయటికి పోయే పొగ తోపుతో తిరిగే టర్బోలో ఒత్తిడి పెంచుకుని, ఇంటర్‌కూలరులో చల్లబడి, మానిఫోల్డ్‌లో సిలిండర్ల వారీగా చీలి, హెడ్డులోని పోర్టుల గుండా ఇంటేక్ వాల్వు దగ్గరకు చేరుతుంది. 4-స్ట్రోక్ ఇంజిన్‌లో పిస్టన్లు తిప్పే ఇరుసు, అంటే క్రాంక్, రెండు చుట్లు తిరిగితే ప్రతి సిలిండరు ఒకసారి గాలి పీలుస్తుంది కాబట్టి, నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతున్న ఇంజిన్‌లో ఒక్కొక్క ఇంటేక్ వాల్వు నిమిషానికి 1,000 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. రెండున్నర లీటర్ల ఇంజిన్ ఆ వేగంలో, టర్బో ఒత్తిడిని లెక్కలోకి తీసుకోకపోయినా, గంటకు సుమారు లక్షన్నర లీటర్ల గాలిని ఆ సన్నని దారుల గుండానే లాగుతుంది. లోపలికి వెళ్లే గాలి సుడి తిరుగుతూ దిగాలని పోర్టుల వంపులను లెక్కకట్టి మలుస్తారు. ఆ సుడి ఉంటేనే డీజిల్ తుంపర గాలితో సరిగా కలుస్తుంది.

డీజిల్ ఈ దారిలో ఎక్కడా అడుగుపెట్టదు. వాల్వు మూసుకున్న తరువాత, గాలి బాగా నొక్కుకుపోయి వేడెక్కిన చివరి క్షణంలో, ఇంజెక్టరు దాన్ని నేరుగా సిలిండరులోకి చిమ్ముతుంది. ఒకప్పుడు కోరాపుట్ దారుల్లో పదిహేనుమందిని ఎక్కించుకుని తిరిగిన పాత జీపుల్లో నేరుగా సిలిండరులోకి కాక, హెడ్డులో ఉండే ఒక చిన్న గదిలోకి చిమ్మేవారు. ఆ గది కూడా వాల్వుకు లోపలి వైపునే ఉంటుంది. పెట్రోలు బండ్ల సంగతి వేరు. కార్బ్యురేటరు ఉన్న కాలంలోనూ, ఆ తరువాత పోర్టులోకి పెట్రోలు చిమ్మే పద్ధతిలోనూ ఇంధనం ఇంటేక్ వాల్వు మీదుగానే దిగేది కనుక వాల్వు నిత్యం కడిగినట్టుగా ఉండేది. పెట్రోలును కూడా నేరుగా సిలిండరులోకి చిమ్మే కార్లు వచ్చాక, వాటి వాల్వులకూ ఇదే జబ్బు పట్టుకుంది.

ట్యాంకులో పోసిన మందు డీజిల్ వెళ్లిన దారినే వెళుతుంది. ఇంజెక్టరు మొన మీద పేరుకున్న గారను కొంత వదిలించవచ్చు, తుంపర మెరుగుపడితే కొత్తగా పుట్టే మసి తగ్గవచ్చు. వాల్వు వెనుక ఇప్పటికే గడ్డకట్టినదాన్ని మాత్రం అది తాకను కూడా తాకదు. పై అంతస్తు పంపులో నీళ్లు పోసి కింది అంతస్తు కాలువ శుభ్రపడాలనుకోవడం లాంటిదే ఈ వైద్యం. ఆ నాలుగు సీసాల డబ్బుతో మానిఫోల్డ్ గాస్కెట్లు కొనుక్కోవచ్చు.

బయటికి పోవలసిన పొగ లోపలికి ఎందుకు వస్తుంది?

సైలెన్సరు దారిన పోవలసిన మసి గాలి దారిలోకి రావడానికి కారణం ఈజీఆర్, అంటే కాలిన పొగలో కొంత భాగాన్ని వెనక్కి మళ్లించి తాజా గాలిలో కలిపే ఏర్పాటు. వినడానికి ఇది అర్థంలేని పనిగా తోస్తుంది. షెడ్డుల్లో దీన్ని తిట్టనివారిని నేను చూడలేదు. కాని దీని వెనుక గట్టి కారణమే ఉంది.

గాలిలో ఐదింట నాలుగు వంతులకు దగ్గరగా నైట్రోజన్ ఉంటుంది. మామూలుగా దేనితోనూ కలవని ఈ వాయువు, మంట వేడి సుమారు 1,500 డిగ్రీలు దాటినప్పుడు ఆక్సిజన్‌తో వేగంగా కలిసి నైట్రోజన్ ఆక్సైడ్లుగా మారుతుంది. ఊపిరితిత్తులను మండించేవీ, ఎండలో ఇతర వాయువులతో కలిసి నేలమట్టపు ఓజోనును పుట్టించేవీ ఇవే. మంట వేడిని తగ్గిస్తే ఇవి తగ్గుతాయి. అప్పటికే కాలిపోయిన పొగను గాలిలో కలిపితే, ఆ గాలిలో ఆక్సిజన్ పాలు తగ్గుతుంది, పొగలోని కార్బన్ డయాక్సైడు, నీటి ఆవిరి కొంత వేడిని తామే మింగుతాయి, మంట నెమ్మదిస్తుంది. తక్కువ భారం మీద నడిచేటప్పుడు కొన్ని ఇంజిన్లలో లోపలికి వెళ్లే వాయువులో మూడోవంతు దాకా ఇలా వెనక్కి తిప్పిన పొగే ఉంటుంది.

చిక్కు ఇక్కడే ఉంది. ఆక్సిజన్ తగ్గి మంట చల్లబడితే నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గుతాయి, మసి పెరుగుతుంది. మంటను వేడిగా మండనిస్తే మసి తగ్గుతుంది, నైట్రోజన్ ఆక్సైడ్లు పెరుగుతాయి. డీజిల్ ఇంజిన్ల రూపకల్పన అంతా ఈ రెండింటి మధ్య బేరమే. ఆ బేరం ఎంత బిగుసుకుందో భారత్ స్టేజ్ (బీఎస్) కాలుష్య నిబంధనలు చూస్తే తెలుస్తుంది. డీజిల్ కార్ల నుంచి కిలోమీటరుకు వెలువడే నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితి బీఎస్-3లో 0.50 గ్రాములు ఉండగా, బీఎస్-4లో 0.25కు, బీఎస్-6లో 0.08కి దిగింది, మసి మొదలైన రేణువుల పరిమితి కూడా అదే క్రమంలో 0.05 నుంచి 0.025కు, అక్కడి నుంచి 0.0045 గ్రాములకు వచ్చింది. దేశమంతటా బీఎస్-4 2017 ఏప్రిల్‌లోనూ, బీఎస్-6 2020 ఏప్రిల్ 1 నుంచీ అమలయ్యాయి. బీఎస్-6లో రేణువులను పట్టే డీపీఎఫ్ వడపోత వచ్చి చేరింది. పెద్ద లారీలలో 32.5 శాతం యూరియా ద్రావణాన్ని పొగలోకి చిమ్మి నైట్రోజన్ ఆక్సైడ్లను విరగ్గొట్టే పద్ధతి కూడా వాడతారు. మా బావమరిది బండి ఈ రెండు కాలాల నడుమ పుట్టినది. దానికి ఈజీఆర్ ఉంది కాని మసిని వడకట్టి పంపే ఏర్పాటు లేదు. అందుచేత ఆ తరం బండ్లలో ఈ పూడిక మరింత ఎక్కువగా కనబడుతుంది.

పాత మెకానికల్ పంపు లారీలకు ఈ బాధ లేదనేది నిజమే. సాలూరు నుంచి సుంకి ఘాటీ ఎక్కివచ్చిన ఆ కాలపు లారీలు తమ మసిని తమలో దాచుకోలేదు, వెనక వస్తున్న బస్సు కిటికీల్లోకి వదిలాయి.

కాటుక పట్టడం, కాటుక కలపడం

పొగ లోపలికి రావడం ఒక్కటే కారణమైతే పోర్టులో నిలిచేది పొడి మసి మాత్రమే. పొడి మసికి పట్టు తక్కువ. లాంతరు చిమ్నీ మసిని పాతగుడ్డతో ఒక్క తుడుపులో తుడిచేవాళ్లం. గంటకు లక్షన్నర లీటర్ల గాలి కొట్టే దారిలో అటువంటి పొడి ఎంతో కాలం నిలవదు. అది తారులా మారడానికి రెండో పదార్థం కావాలి.

ఇంట్లో కాటుక తయారుచేయడం చూసినవారికి ఈ విషయం వెంటనే అర్థమవుతుంది. ఆముదపు దీపం మీద ఇత్తడి పళ్లెం బోర్లిస్తారు. మసి వేడి మంటను వదిలి చల్లటి పళ్లేనికి అంటుకుంటుంది. దాన్ని గీకి అలాగే కంటికి పెడితే నిలవదు, చెంపల మీదకు రాలుతుంది. రెండు చుక్కల ఆముదమో కాస్త వెన్నో వేసి రంగరిస్తేనే అది కాటుక అవుతుంది, రెప్పను పట్టుకుంటుంది. ఇంజిన్‌లో ఈ రెండు పనులూ అదే వరుసలో జరుగుతాయి.

మొదటిది, మసి చల్లటి గోడ వైపు నడవడం. మసి రేణువులు మొదట 20, 30 నానోమీటర్ల గుళికలుగా పుట్టి, గొలుసులుగా అల్లుకుంటాయి. నానోమీటరు అంటే మిల్లీమీటరులో పదిలక్షల వంతు. ఇంత తేలికైన రేణువుకు ఒకవైపు వేడి వాయువు, మరోవైపు చల్లటి లోహం ఉన్నప్పుడు, వేడి వైపునుంచి తగిలే అణువుల తాకిడి బలంగా ఉండి అది చల్లటి వైపుకు నెట్టబడుతుంది. అందుకే ఈజీఆర్ పొగను చల్లార్చే కూలరులోనూ, ఇంటర్‌కూలరు దాటి వచ్చిన చల్లటి గాలి పొగతో కలిసే మానిఫోల్డ్ మొదట్లోనూ మసి ముందుగా పడుతుంది.

రెండోది, నూనె కలవడం. పిస్టన్ రింగులు ఎంత కొత్తవైనా, మండేటప్పటి ఒత్తిడికి కొంత వాయువు వాటి పక్కనుంచి కిందికి, ఆయిల్ ఉండే క్రాంక్‌కేసులోకి జారుతుంది. అక్కడ అది వేడి ఇంజిన్ ఆయిల్ ఆవిరినీ, సన్నటి తుంపరనూ మోసుకుని పైకి వస్తుంది. ఒకప్పుడు దాన్ని బ్రీదర్ పైపు ద్వారా రోడ్డు మీదకు వదిలేవారు. పాత జీపు నిలిపిన చోట నేల మీద నల్లటి మరక ఉండేది. ఇప్పుడు అలా వదలకూడదు కనుక ఆ ఆవిరిని టర్బోకు ముందు గాలి గొట్టంలోకి కలుపుతారు. మధ్యలో నూనెను వేరుచేసే సెపరేటరు ఒకటి ఉంటుంది. అది పాతబడినా, రింగులు అరిగి కిందికి జారే వాయువు పెరిగినా, టర్బో ఆయిల్ సీలు కారినా, ఆయిల్‌ను గీతకు మించి పోసినా, నూనె పాలు పెరుగుతుంది.

పొగలో వచ్చిన మసి, బ్రీదరులో వచ్చిన నూనె మానిఫోల్డ్‌లో కలుసుకుంటాయి. వాటికి తోడు సగం కాలిన డీజిల్ జిగట, నీరు కూడా ఉంటాయి. లీటరు డీజిల్ కాలితే దాదాపు ఒక లీటరు నీరు ఆవిరి రూపంలో పుడుతుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు అందులో కొంత గోడల మీదే చెమర్చుతుంది. ఈ మిశ్రమం వాల్వు దాకా వెళ్లాక మెల్లగా వేగి గట్టిపడుతుంది. ఎగ్జాస్టు వాల్వుకు ఇంత పూడిక పట్టదు, ఎందుకంటే అక్కడి వేడికి పట్టినదంతా కాలిపోతుంది. ప్రతి పీల్పుకూ చల్లగాలి తగిలే ఇంటేక్ వాల్వు మాత్రం నూనెను వేపేంత వేడిగానూ, మసిని కాల్చలేనంత చల్లగానూ ఉంటుంది.

కాబట్టి మేస్త్రి చెప్పినది సగం నిజం. నూనె లేకపోతే మసి ఇంతగా అంటుకోదు, మసి లేకపోతే నూనె ఇంతగా గడ్డకట్టదు. రెండింటిలో ఏ ఒక్కదాన్ని తగ్గించినా పూడిక తగ్గుతుంది. వీటిలో యజమాని చేతిలో ఎక్కువగా ఉన్నది నూనె వైపే. అయినా ఆ వైపు ఎవరూ చూడరు.

కొండ ఎక్కడం తప్పు కాదు

మా జిల్లాల్లో అందరికీ ఒక నమ్మకం ఉంది: ఘాటీ రోడ్లే ఇంజిన్‌ను నల్లబరుస్తాయని. పొగ అక్కడే కనబడుతుంది గనుక అలా అనిపిస్తుంది. లెక్క దీనికి తలకిందులుగా ఉంటుంది. పూర్తి భారం మీద డ్రైవరు యాక్సిలరేటరు తొక్కిపట్టినప్పుడు ఇంజిన్‌కు దొరికినంత ఆక్సిజన్ కావాలి కాబట్టి, ఇంజిన్‌ను నడిపించే కంప్యూటరు, అంటే ఈసీయూ, ఈజీఆర్ వాల్వును దాదాపుగా మూసేస్తుంది. ఆ సమయంలో పుట్టిన పొగంతా బయటికే పోతుంది, ఇంజిన్ కూడా బాగా వేడెక్కి తడిని ఆరబెట్టుకుంటుంది. పొగ ఎక్కువగా వెనక్కి తిరిగేది, ఇంజిన్ చల్లగా ఉండేది, గాలి వేగం తక్కువగా ఉండేది చిన్న చిన్న తిరుగుళ్లలో. కొట్టు దగ్గర ఆపి, ఇంజిన్ ఆపకుండా పది బస్తాలు దించి, రెండు వీధులు దాటి మళ్లీ ఆపే తిరుగుడు వాల్వుకు కొండకన్నా చెడ్డది. జేకేపూర్ కాగితం మిల్లు దగ్గర నీలగిరి, సరుగుడు కర్రల లోడుతో వరుసలో నిలబడి, గంటల తరబడి ఇంజిన్ తిరుగుతూనే ఉన్న లారీ పరిస్థితీ అంతే. ఈ బెడద తెలిసే కొన్ని ఇంజిన్లలో, బండి కొన్ని నిమిషాలకు మించి నిలిచి తిరుగుతుంటే ఈజీఆర్ మూసుకునేలా ఈసీయూలో రాసిపెడతారు.

కొండ మీద తప్పు చేసేది డ్రైవరు. గేరు తగ్గించకుండా, ఇంజిన్ వేగం పడిపోతున్నా పై గేరులోనే ఈడ్చుకుపోతే, టర్బో తిరిగేంత పొగ ఒత్తిడి ఉండదు, గాలి చాలదు, పోసిన డీజిల్‌లో కొంత సరిగా కాలక మసిగా మారుతుంది. ఒక గేరు తగ్గించి ఇంజిన్‌ను తిరగనిస్తే డీజిల్ ఎక్కువ తాగుతుందనే భయం చాలామంది డ్రైవర్లకు ఉంది. మా బావమరిది డ్రైవరుదీ అదే భయం.

ఇంకొక అలవాటు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఎండాకాలంలో ఇంజిన్ వేడెక్కుతోందని కూలెంటు దారిలోని థర్మోస్టాట్‌ను పీకి పారేయడం మా ప్రాంతపు షెడ్డుల్లో మామూలు విషయం. థర్మోస్టాట్ పని ఇంజిన్ త్వరగా తగిన వేడికి చేరేలా చూడడం, ఆ వేడిని నిలబెట్టడం. దాన్ని తీసేసిన బండి కోరాపుట్, సిమిలిగుడ వైపు చలికాలపు ఉదయాల్లో పది కిలోమీటర్లు నడిచినా వెచ్చబడదు. డీజిల్ సరిగా ఆవిరి కాదు, నీరు చెమర్చుతుంది, మసి తడిగా పడుతుంది. మా బండిలో కూడా థర్మోస్టాట్ ఉండవలసిన చోట ఖాళీ గూడు కనిపించింది. ఎవరు, ఎప్పుడు తీశారో ఎవరికీ గుర్తులేదు.

పూడిక మొదలయ్యాక అది తనను తానే పెంచుకుంటుంది. దారి ఇరుకైతే గాలి తగ్గుతుంది, సుడి చెడుతుంది, డీజిల్ సరిగా కలవదు, మసి పెరుగుతుంది, ఆ మసిలో కొంత ఈజీఆర్ గుండా తిరిగి అక్కడికే వస్తుంది. నాలుగు పోర్టులు సమానంగా పూడవు కాబట్టి సిలిండర్లకు అందే గాలిలో తేడాలు వచ్చి ఇంజిన్ వణుకుతుంది. ఒక పెళ్ల ఊడి వాల్వుకూ దాని సీటుకూ నడుమ ఇరుక్కుంటే కంప్రెషన్ కారిపోతుంది. డీజిల్ ఇంజిన్ నొక్కిన గాలి వేడితోనే మండుతుంది గనుక, చల్లటి ఉదయం స్టార్టింగు మొరాయించడానికి ఇది ఒక కారణం.

విప్పే ముందు, విప్పిన తరువాత

నల్లపొగ వచ్చినంత మాత్రాన వాల్వులు పూడాయని తీర్మానించడం తొందరపాటు. ఎయిర్ ఫిల్టరు దుమ్ముతో నిండినా, ఇంజెక్టరు కారినా, టర్బో నుంచి ఇంటర్‌కూలరుకు వెళ్లే రబ్బరు గొట్టం పగిలినా ఇదే పొగ వస్తుంది. గొట్టం పగులు మరీ మోసకారి. లోపలికి వచ్చిన గాలిని సెన్సరు ముందే లెక్కపెట్టేసింది. ఆ తరువాత పగులులోంచి కొంత బయటికి పోయిందని ఈసీయూకు తెలియదు, ఉన్నదనుకున్న గాలికి తగినంత డీజిల్ పోస్తుంది. గొట్టాల బిగింపు క్లాంపుల చుట్టూ నూనె తడి కనిపిస్తే ముందు అక్కడ చూడాలి. ఇంజిన్ తిరుగుతుండగా ఆయిల్ పోసే మూత మెల్లగా వదులుచేస్తే, పొగ గుప్పుగుప్పున తన్నుతోందా, సన్నగా వస్తోందా అన్నదాన్నిబట్టి రింగుల పరిస్థితి కొంత అంచనాకు అందుతుంది. రింగులు పోయిన ఇంజిన్‌కు వాల్వులు శుభ్రం చేయించడం తాత్కాలిక ఉపశమనం మాత్రమే.

ఇక శుభ్రం చేసే పద్ధతుల విషయం. ఇంజిన్ తిరుగుతుండగా గాలి గొట్టంలోకి స్ప్రే కొట్టి మసి వదిలిస్తామనే వైద్యానికి నేను పూర్తిగా వ్యతిరేకిని. పెట్రోలు ఇంజిన్ అయితే తాళం తిప్పితే నిప్పురవ్వ ఆగి ఇంజిన్ ఆగుతుంది. డీజిల్ ఇంజిన్ తన లోపలికి వచ్చిన మండే పదార్థం ఏదైనా కాల్చుకుంటూనే తిరుగుతుంది. స్ప్రేతో పాటు ఇంటర్‌కూలరులో నిలిచిన నూనె కూడా ఒక్కసారిగా లోపలికి వెళితే, తాళం తీసినా ఆగకుండా వేగం పెంచుకుంటూ పోయే ప్రమాదం ఉంది. అప్పుడు గాలి దారి మూయడమే ఆపడానికి నమ్మదగిన మార్గం. ఆ ప్రమాదం తప్పినా, గట్టి పెళ్ల ఒకటి సిలిండరులోకి జారితే పిస్టన్ పైకి వచ్చినప్పుడు దానికీ హెడ్డుకూ మధ్య మిగిలే సందు మిల్లీమీటరు లెక్కల్లో ఉంటుంది. అక్కడ రాయిలాంటి కార్బన్ గడ్డకు చోటు లేదు.

మానిఫోల్డ్ విప్పి చేతితో చేసే పనే నమ్మదగినది. ఒక్కొక్క సిలిండరుకూ క్రాంక్ తిప్పి, దాని ఇంటేక్ వాల్వులు రెండూ పూర్తిగా మూసుకున్నాయని చూసుకున్నాకే గీకాలి. ఆ సమయంలో మిగిలిన పోర్టులను గుడ్డలతో బిగించాలి, రాలినదాన్ని వాక్యూమ్‌తో లాగేయాలి. పెద్ద ఊళ్లలో అక్రోటు పెంకుల పొడిని గాలి ఒత్తిడితో కొట్టి వదిలిస్తారు. ఆ పొడి మసిని చెక్కేంత గట్టిది, లోహాన్ని గీరనంత మెత్తనిది. రాయగడలో మాకు కిరోసిన్, ఇత్తడి బ్రష్, ఒక పూట ఓపిక సరిపోయాయి.

మానిఫోల్డ్‌ను మాత్రం మేస్త్రి సహాయకుడు కాస్టిక్ సోడా నీళ్లలో ముంచబోతుంటే ఆపవలసి వచ్చింది. అది అల్యూమినియం పోత. ఇక్కడికి దగ్గరలోనే దమన్‌జోడిలో బాక్సైట్ రాతి నుంచి అల్యూమినాను కరిగించి బయటికి తీసేది కాస్టిక్ సోడాతోనే. రాతిలోంచి దాన్ని లాగగలిగిన ద్రావణం పోత అల్యూమినియాన్ని ఊరికే వదలదు. బుడగలు కక్కుతూ లోహాన్నే తింటుంది, గాస్కెట్ కూర్చునే సమతలం గుంటలు పడుతుంది. ఇనుప భాగాలకు పనికివచ్చే ఆ చిట్కా ఇక్కడ పనికిరాదు. కొన్ని బండ్లలో మానిఫోల్డ్ ప్లాస్టిక్‌ది. దానికి గ్యాసు మంట కూడా చూపకూడదు.

అంతా అయ్యాక, ఈజీఆర్ పైపుకు రేకు బిగించి మూసేద్దామా అని మేస్త్రి అడిగాడు. అది పనిచేయదని నేను చెప్పలేను. పొగ రావడం ఆగితే మసి రావడం ఆగుతుంది, వాల్వు శుభ్రంగానే ఉంటుంది. పొల్యూషన్ సర్టిఫికెట్ కూడా ఏ అడ్డూ లేకుండా వస్తుంది, ఎందుకంటే డీజిల్ బండికి అక్కడ కొలిచేది పొగ ఎంత చిక్కగా ఉందన్నది మాత్రమే. కంటికి కనిపించని నైట్రోజన్ ఆక్సైడ్లను కొలవరు. అందుకే రేకు వేసిన బండి కాగితం మీద మరింత మంచి బండిగా కనిపిస్తుంది. అయితే కంపెనీ ఇచ్చిన రూపానికి విరుద్ధంగా బండిని మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. ఈసీయూ కూడా చూస్తూ ఊరుకోదు. తాను తెరిచిన దారిలో పొగ రాలేదని గ్రహించి పీ0401 కోడ్ రాసి, డాష్‌బోర్డు మీద లైటు వెలిగిస్తుంది. డీపీఎఫ్ ఉన్న బీఎస్-6 బండ్లలో ఈ రేకు మరిన్ని తలనొప్పులు తెస్తుంది. మా బావమరిది గోదాము, ఇల్లు, పిల్లల చదువు గది ఒకే సందులో ఉన్నాయి. బండి రోజూ ఆ సందులోనే అరగంట తిరుగుతూ నిలబడుతుంది. రేకు వద్దన్నాడు.

బదులుగా నూనె వైపు నాలుగు పనులు చేయించాం. కొత్త థర్మోస్టాట్ వేయించాం. బ్రీదర్ సెపరేటరు మార్పించాం. పాతదాని లోపలి పలక చీలి ఉంది, దాని కింద గొట్టంలో నూనె మడ్డి కట్టి ఉంది. వేడికి తక్కువగా ఆవిరయ్యే సింథటిక్ ఆయిల్‌ను, డిప్‌స్టిక్ మీద రెండు గీతలకు మధ్యగా మాత్రమే పోశాం. ఇంటర్‌కూలరును విప్పి బోర్లించి రాత్రంతా ఉంచితే ఒక టీ గ్లాసుకు పైగా నల్లటి నూనె కారింది. ఈజీఆర్ వాల్వును కూడా శుభ్రం చేశాక, అది పూర్తిగా మూసుకునే స్థానాన్ని స్కానరుతో ఈసీయూకు మళ్లీ నేర్పించాలి. ఆ పని చేయకపోతే వాల్వు కాస్త తెరిచే ఉండి, చేసిన శ్రమంతా కొన్ని నెలల్లో వృథా కావచ్చు. బస్తాలు దించేటప్పుడు ఇంజిన్ ఆపమని డ్రైవరుకు చెప్పాం. మొదటి వారం ఆపాడు, ఆ తరువాత సంగతి నాకు తెలుసు.

ఆరునెలల తరువాత ఆయిల్ మార్చడానికి బండి షెడ్డుకు వచ్చినప్పుడు, మానిఫోల్డ్ ముందున్న గొట్టం వదులుచేసి వేలు పెట్టి చూశాను. వేలు నల్లబడింది. ఈజీఆర్ పనిచేస్తున్న బండిలో నల్లబడకపోతేనే అనుమానించాలి. కాని గుడ్డకు రాస్తే ఆ నలుపంతా పొడిగా వదిలిపోయింది, జిగురు తగల్లేదు.